ముప్పై ఒకటో పేజీ

కొత్త దేశపు రాజ్యాంగాన్ని మొత్తం చేత్తో రాసిన లేఖకుణ్ణి ఉదయం ఎనిమిదింటికి తన ఇంటి మెట్ల మీదే కాల్చేశారు. సైలెన్సర్ వాడారు. చేతిలోని పాలగిన్నె దొర్లిన చప్పుడే పక్కింటివాళ్ళకి వినిపించింది.

ఎనిమిదిన్నరకి సీక్రెట్ సర్వీస్ చీఫ్ ఫైలు మూసి, ఎదురుగా నిలబడ్డ ఏజెంటు వైపు చూశాడు. డిపార్ట్‌మెంటులో అతన్ని అందరూ చీమ అంటారు, ఎంత సన్నసందులోనైనా దూరిపోతాడని. చనిపోయిన లేఖకుడు చీమకి సొంత అన్న.

"ఏడవడానికి టైం లేదు. పదకొండింటికి సభ్యులు రాజ్యాంగం మీద సంతకాలు పెడతారు. పద్దెనిమిదో పేజీలో ఏముందో తెలుసుగా?"

"పరాయి సైన్యం మన నేల మీద కాలు పెట్టకూడదని."

"దాన్ని శత్రుదేశం వాళ్ళు మార్చేస్తున్నారు. మీ అన్నయ్య ఉంటే తన రాత కాదని ఇట్టే పట్టేస్తాడు. అందుకే లేపేశారు. దొంగ పేజీ మీద సంతకాలు పడితే సాయంత్రానికే మన రేవులో వాళ్ళ యుద్ధనౌకలుంటాయి. లోపల మన మనిషి ఉంది. సభలో దుబాసీ. కోడ్ 'ఇంకు ఆరిందా?' జవాబు 'ఎండలో పెట్టాను'."

"నా వేషం?"

"బైండరు. అసలు బైండరుకి జ్వరం తెప్పించాం."

చీమ మీసం గీసేసి, జిగురు మరకల ఏప్రన్ తగిలించుకున్నాడు.

సభాభవనం వెనక బైండింగ్ గదిలో స్టవ్ మీద జిగురు ఉడుకుతోంది. గుమ్మం దగ్గర ఒక ఫొటోగ్రాఫర్, మెడలో బండెడు కెమెరాతో, "రికార్డు కోసం" అంటూ ఇకిలించాడు. చీమ కుట్టాల్సిన కాగితాల దొంతర తీసి పద్దెనిమిదో పేజీ చూశాడు. 'ప్రభుత్వం కోరిన పక్షంలో తప్ప' అని ఒక ముక్క కొత్తగా చేరింది. అన్నయ్య రాతని అచ్చుగుద్దినట్టు దించారు, వెధవలు!

అయితే బైండింగ్‌లో ఏ పేజీ ఒంటరిది కాదు. కాగితాన్ని మధ్యకి మడిచి కుడతారు గనక, పద్దెనిమిది మార్చాలంటే అదే కాగితం రెండో సగంలో ఉన్న ముప్పై ఒకటి కూడా మళ్ళీ రాయాల్సిందే. చీమ ముప్పై ఒకటి తిప్పాడు. దేశాధ్యక్షుడి పదవీకాలం ఏడేళ్ళు అని ఉంది. నిన్న సాయంత్రమే సభ కొట్లాడి మరీ దాన్ని ఐదేళ్ళు చేసింది. అన్నయ్య కాగితమంతా తిరగరాసి, ఇంకు చేతులతో ఇంటికొచ్చి, "ఐదని చేతులారా రాశాన్రా తమ్ముడూ!" అని పసివాడిలా నవ్వాడు. దొంగలు పాత డ్రాఫ్టు చూసి ముందే రాసి పెట్టుకున్నారన్నమాట.

సెంటు ఘుమఘుమలతో దుబాసీ లోపలికొచ్చింది. ఆవిడ కన్నెత్తి చూస్తే రాయబారులు రహస్యాలు కక్కేస్తారని పేరు.

"ఇంకు ఆరిందా?" అంది.

"ఎండలో పెట్టాను."

"అసలు కాగితం కాల్చెయ్యమని నాకే ఇచ్చారు. నేను వాళ్ళ మనిషినే అనుకుంటున్నారు, పిచ్చిమొహాలు." కోటు లైనింగ్ చించి కాగితం తీసింది.

గుమ్మంలో కెమెరా పైకి లేచింది. లెన్సు ఉండాల్సిన చోట తుపాకీ గొట్టం! చీమ ఉడుకుతున్న జిగురు డబ్బా ఎత్తి వాడి మొహాన కొట్టాడు. గుండు సీలింగులో దిగింది. మరుక్షణం వాడి చేతులు బైండింగ్ దారంతో కట్టేశాడు. అప్పటికి పదకొండుకి పది నిమిషాలు.

చప్పుడు విని చీఫ్, సభాధ్యక్షుడు పరుగున వచ్చారు. ఈ సభాధ్యక్షుడే రేపటి దేశాధ్యక్షుడు. పన్నెండేళ్ళు జైల్లో మగ్గినవాడు. ఆయన ఫొటో చీమ వాళ్ళింట్లో తండ్రి ఫొటో పక్కనే ఉంటుంది.

"శభాష్!" అని ఆయన చీమని కావలించుకున్నాడు. రెండు కాగితాలూ బల్ల మీద పరిచి చదివాడు. ముప్పై ఒకటి దగ్గర చాలాసేపు ఆగాడు.

"మధ్యకి కొయ్యి," అన్నాడు.

"సార్?"

"పద్దెనిమిది మనది. ముప్పై ఒకటి ఇది." వేలు దొంగ కాగితం మీద ఉంది. "రెండు సగాలూ అతికించు."

"నిన్న సభలో ఐదని..."

"పసిదేశం నాయనా. ఐదేళ్ళకి నడక కూడా రాదు."

"నిన్నటి మినిట్స్ ఉన్నాయి కదండీ?"

"నా సొరుగులో ఉన్నాయి."

చీమ చీఫ్ వైపు చూశాడు. చీఫ్ తన బూట్లు చూసుకుంటున్నాడు.

"కంచే చేను మేస్తోంది, నాకూ తెలుసు," అంది దుబాసీ మెల్లగా. "కానీ ఓడలు రేవుకి గంట దూరంలో ఉన్నాయి. ఇవాళ సంతకాలు పడకపోతే పద్దెనిమిది కూడా మిగలదు. కొయ్యి."

చీమ బల్ల మీది కాగితాలు కోసే కత్తి అందుకున్నాడు. ఈ కాగితం కోసమేనా అన్నయ్య మెట్ల మీద పడిపోయింది? ఆ కత్తి ఎక్కడ దించాలో క్షణంపాటు అతనికే తెలియలేదు. చివరికి కాగితం మీదే దించాడు. అన్నయ్య చేతిరాత రెండు ముక్కలైంది. 'ఐదేళ్ళు' అన్న ముక్కని సభాధ్యక్షుడు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సరిగ్గా పదకొండింటికి గంట మోగింది. జిగురు ఆరకముందే సంతకాలు పడ్డాయి. అవతల సముద్రంలో ఓడలు వెనక్కి తిరిగాయి.

సభాధ్యక్షుడు మైకు ముందు చెయ్యెత్తి, "శత్రువు కుట్రని భగ్నం చేశాం! ఈ గ్రంథంలో పరాయి కాగితం ఒక్కటంటే ఒక్కటి లేదు!" అన్నాడు. సభ దద్దరిల్లేలా చప్పట్లు.

నిజమే మరి. ఉన్నది అర కాగితమే.