తువ్వాలు కింద మూడు వేళ్లు

ఎమ్మిగనూరు ఎద్దుల సంతలో అనురాధ చేతిలోని నోటుపుస్తకం జారి పేడలో పడింది. ఎదురుగా ఆమె నాన్న తిక్కయ్యతో చేయి కలిపి, పైన తువ్వాలు కప్పుకుని నిలబడి ఉన్నాడు మంజునాథ్.

తిక్కయ్య ఎద్దుల బేరగాడు. తువ్వాలు చాటున వేళ్లు పట్టుకుని ధర చెప్పుకోవడం ఇక్కడి పద్ధతి. ఒప్పుకుంటే అరచేయి మొత్తం పట్టుకుంటారు. కానీ ఆదోనిలో పత్తి మిల్లు నడిపే మంజునాథ్‌కు ఎద్దులతో ఏం పని?

ఏడాది కిందట ఆ మిల్లులోనే అనురాధా, అతనూ పోట్లాడుకున్నారు. చైనా ఎలా ఎదిగిందో పరిశోధన చేస్తున్న అనురాధ, "చైనావాళ్లు నూలు కొనకపోతే మీ పత్తి గతేంది?" అని అడిగింది.

"పొద్దున్నే అపశకునం పలకొద్దు మేడమ్" అన్నాడతను.

తర్వాత ఆమె ప్రశ్నలూ తరగలేదు, అతను తెప్పించే టీలూ తరగలేదు.

మొన్న ఆమెకు బీజింగ్ యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చింది. అక్కడి పల్లెల్లో ఫ్యాక్టరీలు పుట్టుకురావడంలో సర్కారు పాత్ర ఎంతో, ఊరివాళ్ల పాత్ర ఎంతో తేల్చాలి. ఆ కబురు చెబితే మంజునాథ్ తలూపి ఊరుకున్నాడు. అప్పటినుంచి ఆమెకు నిద్ర లేదు.

"దేనికి నాయనా బేరం?" అని తండ్రిని అడిగింది.

"నీ పెండ్లికి" తిక్కయ్య గొంతు తగ్గించినాడు. "ఈయప్ప నిన్ను ఇయ్యమని అడిగేకి వచ్చినాడు. నలుగుర్లో నోటితో ఎట్ల మాట్లాడేది? ఏడాదిలో పెండ్లని ఒక వేలు పట్టినా. ఈయప్ప రెండు పట్టినాడు. కొనేటోడే పెంచేది నేను యాడా సూడలే."

అనురాధ ఒక్క అడుగు ముందుకేసింది.

"నేనేమన్నా ఎద్దునా, కొనేకి?"

మంజునాథ్ చెవులు ఎర్రబడ్డాయి. "ధర కాదు అనూ. నువ్వు ఉద్యోగం సేసి వచ్చేదాకా ఎన్నేండ్లు కాసుకోవాల్నో, అది. తిక్కయ్యన్నకు అదే సెప్తాండా."

"నన్నడగకుండానా? జరుగు నాయనా."

తండ్రి చేయి లాగేసి తన చేయి తువ్వాలు కిందకు పోనిచ్చింది. చుట్టూ బేరాలు ఆగిపోయాయి. ఆడపిల్ల అక్కడ చేయి పెట్టడం ఆ సంత ఎన్నడూ చూడలేదు.

ఆమె అతని వేళ్లు పట్టుకుంది. ఒకటి. రెండు. మూడు.

"మూడేండ్లా?" మంజునాథ్ నోరు తెరిచాడు.

"ఉద్యోగం మూడేండ్లు. కాదంటే ఇప్పుడే సెప్పు."

అతను ఆమె అరచేయి మొత్తం పట్టుకున్నాడు.

ఎంతసేపటికీ తువ్వాలు కదలలేదు. తిక్కయ్య దగ్గినాడు. "ఏమప్పా, కుదిరిందా లేదా?"

"ఇంకా మాట్లాడుకుంటాండాం" అన్నాడు మంజునాథ్. "నువ్వు టీ తాగి రాపో, మామా."

నిన్నటిదాకా అన్నా అని పిలిచినవాడి నోట మామ అన్న మాట విని, తిక్కయ్య పక్కనున్న బండి మీద కూర్చున్నాడు.