ఇంట్లో పెద్దలు: అడగరు

పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్న ఇంజినీరు మళ్ళీ ఆ నోరు మూయలేదు. డాక్టరు చేతులు కడుక్కుని వచ్చేసరికి కిటికీ అద్దానికి చిన్న కన్నం, ఇంజినీరు చొక్కా మీద ఎర్రటి మరక. అతని ఎడమ బూటులో మడిచి పెట్టిన కాగితం మీద ఒకే ఒక్క వాక్యం ఉంది: "పిల్లల్ని ఆపడానికి కట్టిన గేటుతో పిల్లల్ని ఏరుకుంటున్నారు."

మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకి ఆ కాగితం మాస్టారి బల్ల మీద ఉంది. మాస్టారు నిఘా శాఖలో ఆపరేషన్స్ చీఫ్. ఎదుటివాళ్ళకి ఎక్కేదాకా చెప్పిందే చెబుతాడు కాబట్టి ఆయనకా పేరు వచ్చింది. ఎదురుగా కూర్చున్న ఏజెంటును అందరూ పిన్ని అంటారు. చివరికి కోడ్ నేమ్ కూడా అదే అయింది. ఎంత గట్టి తాళమైనా ఆమె చేతిలో రెండు నిమిషాలు నిలవదు. కానీ లిఫ్ట్ మధ్యలో ఆగిపోతుందేమోనని ఎన్ని అంతస్తులైనా మెట్లెక్కే వెళుతుంది.

"రూల్ తెలుసు కదమ్మాయ్," అన్నాడు మాస్టారు. "పద్దెనిమిది నిండని పిల్లలు పెద్దవాళ్ళ సైట్లలోకి పోకూడదు. ఫోన్ కెమెరాకి ముఖం చూపిస్తే సాఫ్ట్‌వేర్ వయసు అంచనా కడుతుంది. చిన్నపిల్లయితే వెనక్కి పంపుతుంది. ఆ పని ఒక కంపెనీకి ఇచ్చారు. చచ్చిపోయిన ఇంజినీరు అందులోనే పనిచేసేవాడు. కంపెనీ వెనకాల విదేశీ ముఠా ఉంది."

"వెనక్కి పంపితే మంచిదేగా సార్."

"పంపేముందు ఆ పిల్ల ముఖాన్ని వీడియో తీసి దాచుకుంటున్నారు. ఇల్లెక్కడ, ఏ టైమ్‌కి ఒంటరిగా ఉంటుంది, ఎన్నిసార్లు అబద్ధమాడి లోపలికి రాబోయింది. నాలుగు లక్షల మంది పిల్లల లిస్టు. ఈరోజు మధ్యాహ్నం పన్నెండింటికి దేశం దాటుతుంది. ఉన్నది ఒక్కటే కాపీ. చెరిపెయ్."

"అబద్ధమాడే పిల్లలే ఎందుకు?"

"ఏదైనా జరిగినా ఇంట్లో చెప్పుకోలేరు కాబట్టి."

పిన్ని తల వంచుకుంది. మాస్టారు కాగితాలు సర్దుతున్నట్టు నటించాడు. మూడేళ్ళ క్రితం పిన్ని కూతురు ఇదే గేటు ఉన్న ఒక పెద్దవాళ్ళ చాటింగ్ సైట్‌లో పరిచయమైన మనిషిని కలవడానికి ట్యూషన్ ఎగ్గొట్టి వెళ్ళింది. మూడోరోజున, గుర్తుపట్టడానికి రమ్మని ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. పిల్లకి పదమూడేళ్ళు, చూస్తే పదకొండే అనిపించేది. ఆ ముఖానికి ఆ గేటు ఎలా తెరుచుకుందో శాఖలో ఎవరూ తేల్చలేకపోయారు.

"వేరేవాళ్ళని పంపమంటావా?"

"వద్దు సార్. లోపల మన మనిషి ఎవరు?"

"నెమలి."

"ఆవిడ మీద నాకు నమ్మకం లేదు."

"నీకు ఎవరి మీదుంది కనక. వేషం పెస్ట్ కంట్రోల్, బొద్దింకల మందు కొట్టే మనిషి. వీపున ట్యాంకు, ముఖానికి మాస్కు. గొట్టం చివర పెన్ డ్రైవ్ ఉంటుంది, పెడితే మొత్తం తుడిచేస్తుంది. ట్యాంకులో నీళ్ళు పోసుకో, చాలు."

పిన్ని నిజం మందే పోసుకుంది. ఎవరైనా మూత తీసి వాసన చూస్తేనో అని ఆమె భయం.

పదకొండుంబావుకి ఆమె ఆ ఆఫీసు చేరింది. గాజు తలుపులు, తడిగుడ్డ పెట్టిన నేల, గోడ మీద నవ్వుతున్న పిల్లల ఫొటో, దాని కింద "మీ పిల్లలకు మా కాపలా" అన్న అక్షరాలు. నేల జారుతుందేమోనని ఆమె గోడ పక్కనే నడిచింది. తొమ్మిదో అంతస్తు మెట్ల దగ్గర నెమలి కనిపించింది. ఆకుపచ్చ పట్టుచీర, ఎత్తు మడమల చెప్పులు, చెవులకి రాళ్ళ జూకాలు. ఆమె కంటే ముందే ఆమె సెంటు వచ్చి పలకరించింది.

"బొద్దింకలు ఎక్కడ ఎక్కువండీ?" అడిగింది పిన్ని.

"చల్లటి గదిలో. వంటింట్లో కంటే అక్కడే సుఖంగా ఉంటాయిట." అది సరైన జవాబే. నెమలి నవ్వింది. "తొమ్మిది అంతస్తులు ఎక్కొచ్చావా పిన్నీ? ఆ మోకాళ్ళకి పెన్షన్ ఇప్పించాలి."

సర్వర్ గది తలుపుకి మూడు తాళాలు. పిన్ని నాలుగు నిమిషాల్లో విప్పింది. లోపల చలి, సన్నటి హోరు, ఒకే ఒక్క కంప్యూటర్. గోడ గడియారంలో పదకొండు యాభై రెండు. ఆమె గొట్టం చివర విప్పి పెన్ డ్రైవ్ గుచ్చింది. తెర మీద పచ్చగీత నెమ్మదిగా నిండసాగింది. నలభై శాతం. డెబ్భై. తొంభై ఎనిమిది దగ్గర ఆగిపోయింది.

"ఒక ఫైల్ వాడకంలో ఉంది. అది మూసేస్తే తప్ప ఏ ఒక్క ఫైలూ చెరగదు," అని తెర మీద పడింది.

"తెరిచింది నేనే," అంది ఆమె వెనకాలే లోపలికొచ్చిన నెమలి. ఆమె చేతిలో ఫోన్ ఉంది, తుపాకీ లేదు. "ఇంజినీరు సంగతి వాళ్ళకి చెప్పింది కూడా నేనే. తుపాకీకి నువ్వు ఆగవు పిన్నీ. దీనికి ఆగుతావు."

ఫోన్‌లో ఏదో నొక్కగానే కంప్యూటర్ తెర మీద వీడియో మొదలైంది.

పిన్ని కూతురు. రెండు జడలు, ఎడమ జడ రిబ్బను ఊడి వేలాడుతోంది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఎర్ర గుర్తు పడింది. "అబ్బా," అని మూతి ముడిచింది. తర్వాత ఫోన్ ఊగుతూ వంటింట్లోకి నడిచింది. పొయ్యి దగ్గర ఒక ఆడమనిషి, చెవికీ భుజానికీ మధ్య ఆఫీసు ఫోన్ ఇరికించుకుని గరిటె తిప్పుతోంది.

"అమ్మా, ఒక్కసారి ఇటు చూడు."

"ఏంటే?"

"చూడూ, ఊరికే."

ఆమె చూసింది. "అయిందా?"

"అయిందమ్మా."

పచ్చ గుర్తు పడింది. గేటు తెరుచుకుంది. వీడియో కింద ముఠా రాసుకున్న వివరాలు ఉన్నాయి. వయసు: పదమూడు. ప్రవేశం: తల్లి ముఖంతో. ఇంట్లో పెద్దలు: అడగరు.

పిన్నికి ఆ సాయంత్రం గుర్తొచ్చింది. గ్యాస్ లీకవుతుందేమో అనుకుంది. పిల్ల చెప్పులు లేకుండా తడినేల మీద నిలబడిందని చూసుకుంది. లోకంలో ప్రతిదానికీ భయపడే మనిషి, ఎందుకు చూడమన్నావే అని మాత్రం అడగలేదు. శాఖంతా వెతికిన ఆ దొంగ తాళంచెవి ఆమె ముఖమే.

వీడియో మళ్ళీ మొదలైంది. ఊడిన రిబ్బను. "అబ్బా."

"పిల్ల గొంతు ఇంకెక్కడా లేదు కదా," నెమలి మెత్తగా అంది. "కాపీ చేసుకో. ఐదు నిమిషాలు పడుతుంది. నేను నిన్ను చూడలేదు, నువ్వు నన్ను చూడలేదు."

గడియారంలో పదకొండు యాభై ఎనిమిది.

"కాపీ చేసుకుంటే పన్నెండు దాటుతుంది."

"దాటనీ. నాలుగు లక్షల మందిలో నీకు తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?"

పిన్ని మాస్కు తీసేసింది, కళ్ళకి అడ్డం పడుతోందని. "ఈ ఒక్కసారి పూర్తిగా చూడనీ," అంది. నెమలి గెలిచినట్టు గోడకి ఆనుకుంది.

రెండు జడలు అటు తిరిగాయి, ఇటు తిరిగాయి. వంటిల్లు వచ్చింది. ఊరికే, అంది పిల్ల. అయిందా, అంది తల్లి.

"అయిందమ్మా."

పిన్ని వీడియో మూసేసింది.

నెమలి ఫోన్ ఎత్తేలోపల గొట్టం ఆమె వైపు తిరిగింది. మాస్టారి ప్లాన్ తెలుసు కాబట్టి నీళ్ళే కదా అనుకున్నట్టుంది, పక్కకి తప్పుకోలేదు. నిజం మందు కళ్ళలో పడగానే ఫోన్ జారి కిందపడింది, జూకాలు ఊగుతుండగా ఆమె గోడ వెంబడే కూలబడి దగ్గసాగింది. తెర మీద పచ్చగీత కదిలింది. తొంభై తొమ్మిది. గడియారంలో పెద్దముల్లు పన్నెండు మీదికి చేరడానికి ఒక్క సెకను ఉందనగా తెర ఖాళీ అయింది.

పిన్ని ఆ ఖాళీ తెరని తడిమి చూసింది. అద్దం ఇంకా వెచ్చగానే ఉంది.

కింద కారులో మాస్టారు ఆమె పక్కన కూర్చున్నాడు. వెనక వ్యానులో నెమలిని ఎక్కిస్తున్నారు.

"నేనే సార్ ఆ గేటు తెరిచింది," అంది పిన్ని. అంతా చెప్పింది. మాస్టారు వ్యాను చప్పుడు వినపడకుండా కారు అద్దం పైకెత్తాడు.

ఆమె తన ఫోన్ తీసింది. మూడేళ్ళుగా తెరవని ఆ చాటింగ్ సైట్ తెరిచింది. ముఖం చూసేముందు, మీకు పద్దెనిమిదేళ్ళు నిండాయా, అని అడిగింది గేటు. ఆమె వేలు కాసేపు ఆగి, "లేదు" మీద పడింది. తెర మీద అక్షరాలు వచ్చాయి: "క్షమించండి. దయచేసి మీ అమ్మగారిని పిలవండి."

"ఇక్కడే ఉన్నానమ్మా," అంది పిన్ని. "చెప్పు. ఎందుకు?"

మాస్టారు ఉలిక్కిపడి చూశాడు. "ఎవరితో మాట్లాడుతున్నావ్?"

పిన్ని చొక్కా అంచుతో ముఖం తుడుచుకుంది. "అంత మర్యాదగా పిలిచింది కదా సార్. ఈసారైనా పలకాలిగా."