గొలుసు బదిలీ

అంటుబిళ్ళను లయ మెడ ఎముక కింద పెట్టి బొటనవేలితో నొక్కి, అది రంగు మారేదాకా నాగవేణి ఊపిరి బిగపట్టుకుంది. ఆకుపచ్చ రాలేదు. నిన్నటిలాగే పసుపు.

“ముప్ఫై తొమ్మిది,” అంది గది కప్పులోంచి నిర్ణయిక, క్లబ్బు నిర్ణయాలన్నీ తీసుకునే యంత్రం. “క్రీడాకారిణి ఒదుగు సూచిక వరసగా పడిపోతోంది. అధికారి గమనించగలరు.”

“గమనించాను,” అంది నాగవేణి విసుగ్గా.

పరీక్ష బల్ల మీద కూర్చున్న లయ జెర్సీ మెడ సర్దుకుంది. “రాత్రి బాగానే పడుకున్నానక్కా. ఆ ఓట్స్ గంజి కూడా మొత్తం తాగేను. ఇంకేటి చెయ్యమంటాది ఇది?”

“నవ్వమంటోంది. భోజనం దగ్గర మిగతా అమ్మాయిలతో నీ మాటలు తక్కువగా ఉన్నాయట.”

“ఆడనియ్యకపోతే నవ్వెక్కణ్ణుంచి వస్తాది?”

లయ ఇంటిపేరు పిన్నింటి అయినా పుట్టిందీ పెరిగిందీ అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో. తెలుగు మాత్రం విజయనగరం నుంచి వచ్చిన నాయనమ్మ దగ్గర నేర్చుకుంది. ఇరవై రెండేళ్ళకే అక్కడి ఫుట్‌బాల్ లీగ్‌లో అందరి నోళ్ళలో నానిన మిడ్‌ఫీల్డర్. వేసవిలో జర్మనీలోని నోర్డ్‌హాఫెన్ క్లబ్బు ఆమెను కొనుక్కుని ఉత్తర సముద్రం ఒడ్డుకి తెచ్చింది. యూరప్ మొదటి అంచె లీగ్ అంటే చిన్నప్పటి కల అని లయ చెప్పుకునేది. ఇప్పుడు చెప్పడం మానేసింది. వచ్చాక మ్యాచ్‌లో ఒక్క నిమిషం కూడా ఆడలేదు మరి.

కొత్త చోట ఎంత ఒదిగారో చెప్పే ఆ సూచిక యాభై దాటితే తప్ప మైదానంలోకి పంపకూడదని బీమా నియమం. ఆడని మనిషికి దిగులు. దిగులున్న మనిషికి సూచిక పెరగదు. ఈ చిన్న సంగతి ఎవరికి చెప్పినా తల ఊపారు. నాగవేణి మూడుసార్లు పునఃపరిశీలనకి రాసింది. మూడుసార్లూ జవాబు నిర్ణయికే ఇచ్చింది, తన లెక్క సరిగ్గానే ఉందని.

కాకినాడలో ఫిజియోథెరపీ చదివిన నాగవేణి ఇక్కడ ఒదుగుదల అధికారి. సముద్రం దాటి వచ్చిన అమెరికన్ ఆటగాళ్ళు కొత్త ఊరికి, కొత్త ఆటకి అలవాటు పడేలా చూడడం ఆమె పని అని నియామకపత్రంలో ఉంది. నిజానికి వాళ్ళు వచ్చినప్పుడొకసారి, పోయేటప్పుడొకసారి సంతకం బదులు పలక మీద అరచెయ్యి పెట్టడమే ఆమె చేసేది. యంత్రం నిర్ణయించినా మనిషి చెయ్యి పడాలని ఎప్పుడో ఎవరో చట్టం రాశారు. ఎక్కువమంది వచ్చిన ఏడాదికే పోయారు. ఒక్కొక్కరిని విమానాశ్రయం దగ్గర దింపి వచ్చాక ఆమెకి రెండు రోజులు అన్నం సయించేది కాదు.

“పద, ప్రాక్టీసుకి టైమవుతోంది,” అంది.

“ఈ వారం నేనెవరు?”

“ఆదివారం ప్రత్యర్థుల పదో నంబరు. ఆ పొడుగు స్వీడన్ అమ్మాయి.”

లయ మూతి విరిచింది. అది ఆమెకి అప్పగించిన పని. ప్రతి వారం ఎదుటి జట్టు ముఖ్య క్రీడాకారిణి ఎలా పరుగెడుతుందో, ఎటు తిరుగుతుందో చెవిలో దూర్చుకున్న చెవిపలుకులో నిర్ణయిక చెబుతుంటే, లయ అచ్చం అలాగే ఆడాలి. అసలు జట్టు ఆమెను ఆపడం సాధన చేస్తుంది. లయ ఎంత బాగా ఇంకొకరిలా ఆడితే జట్టుకి అంత లాభం. ఆ లాభం ఆమె లెక్కలోకి రాదు.

మైదానంలో గాలి ఈలలు వేస్తోంది. నాగవేణి గీత పక్కన కోచ్ ఆనికా దగ్గర నిలబడింది. ఆనికా పెద్దగా మాట్లాడని మనిషి. చేతులు కట్టుకుని చూస్తోంది.

మొదటి సగం అంతా లయ స్వీడన్ అమ్మాయిలా బరువుగా, నిటారుగా పరుగెత్తింది. రెండుసార్లు బంతి ఎడమకి పంపించే చోటు కళ్ళెదుట ఉన్నా, చెవిలో మాట విని కుడికి పంపింది. రెండుసార్లూ డిఫెండర్లు ముందే అక్కడ కాచుకుని ఉన్నారు. మూడోసారి బంతి కాలికి రాగానే లయ ఆగింది. చెవిపలుకు పీకి గడ్డిలోకి విసిరేసింది.

తరవాత జరిగిందాన్ని నాగవేణి ఎప్పటికీ సరిగ్గా చెప్పలేకపోయింది. పెద్ద విన్యాసాలేమీ చెయ్యలేదు లయ. తల పైకెత్తి ఆడింది, అంతే. బంతిని కాలి కింద పట్టి ఒక్క క్షణం ఆలస్యం చేసేది. ఆ క్షణంలో ఇద్దరు డిఫెండర్లు ముందుకి వచ్చేసేవాళ్ళు, వాళ్ళ వెనక వాకిలి తెరుచుకునేది. లయ వైపు ఆడుతున్న రిజర్వు పిల్లలు ఆ వాకిళ్ళలోంచి వరసగా గోల్స్ కొట్టారు. అసలు జట్టు కెప్టెన్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది.

ఆనికా కట్టుకున్న చేతులు విప్పింది.

“చూశారా?” అంది నాగవేణి ఆత్రంగా.

“చూశాను,” అంది ఆనికా. ఆమె జర్మన్ మాటలు నాగవేణి చెవిపలుకులో తెలుగై వచ్చాయి. “నేను చూసినది చెల్లదు. ఆ అంకె పెరగాలి.”

అంకె పెరగలేదు. ఈల ఊదేసరికి లయ మెడ ఎముక కింద అంటుబిళ్ళ ఎర్రబడింది. సూచనలు ధిక్కరించినందుకు సూచిక ముప్ఫై ఒకటికి పడిందనీ, బదిలీ సిఫారసు సిద్ధమైందనీ నిర్ణయిక తెలియజేసింది.

నాగవేణి గదికి తిరిగొచ్చేసరికి గోడ మీద బదిలీల గొలుసు వెలుగుతోంది. లయ ఫిన్లాండ్‌లోని తాంపెరే క్లబ్బుకి, రెండో అంచె లీగ్‌కి. తాంపెరేలో ఉన్న బ్రూక్ హాలండర్ అనే మరో అమెరికన్ అమ్మాయి లిస్బన్‌కి. లిస్బన్ నుంచి ఒకరు లియాన్‌కి. అక్కణ్ణుంచి ఇంకెవరో ఇంకెక్కడికో. చివరి కొస తిరిగి నోర్డ్‌హాఫెన్‌కే, కొత్త ఫార్వర్డ్ రూపంలో. ఏ ఒక్క కొక్కెం పడకపోయినా మిగతావి పడవు. బదిలీల గడువు ఈ సాయంత్రం ఆరింటికి ముగుస్తుంది. మొదటి కొక్కెం నాగవేణి అరచెయ్యి.

లయ తడి జుట్టుతోనే వచ్చి గోడవైపు చూసింది. కోప్పడలేదు. అదే నాగవేణిని ఎక్కువ బాధపెట్టింది.

“తాంపెరేలో చలెక్కువా అక్కా?”

“ఇక్కడికన్నా ఎక్కువే.”

“కొన్న కొత్తలో మొదట బెల్జియం పంపించేరు, ఆరు వారాలు. తరవాత ఇక్కడ. ప్రతి ఊళ్ళోనూ ఒక ఉప్పు ప్యాకెట్టు కొంటాను. సగం కూడా అవదు, వదిలేసి పోతాను.” నవ్వబోయి ఆగింది. “ఎందుకో దాని మీదే ఏడుపొస్తాది నాకు.”

“అధికారి అరచెయ్యి ఉంచగలరు,” అంది నిర్ణయిక.

నాగవేణి చెయ్యి అలవాటుగా లేచింది. పలక దాకా వెళ్ళింది. ఇంతమందిని పంపించింది, ఒక్కరినైనా ఒక్క మాట అడిగిందా? చెయ్యి గాల్లోనే ఉంచి తల తిప్పింది.

“లయా, నీకు వెళ్ళాలని ఉందా?”

లయ ఆశ్చర్యపోయింది. “నన్నడుగుతున్నారా?”

“నిన్నే.”

“లేదు,” అంది లయ. “ఇక్కడ ఆడాలని ఉంది. ఆడి, బాగా ఆడకపోతే అప్పుడు పొమ్మనండి, పోతాను. ఆడకుండా ఎలా పోను?”

నాగవేణి చెయ్యి వెనక్కి తీసుకుని కోటు జేబులో పెట్టుకుంది. రెండో చెయ్యి కూడా.

“అధికారి అరచెయ్యి ఉంచగలరు.”

“ఉంచను.”

“ఆ జవాబు అందుబాటులో లేదు. ‘తరవాత’ అని చెప్పవచ్చు.”

“తరవాత కాదు. ఉంచను.”

కొద్దిసేపటికే క్లబ్బు డైరెక్టర్ రైంకె గోడ మీద ప్రత్యక్షమయ్యాడు. మనిషి ముఖం కందగడ్డలా ఉంది గాని, చెవిపలుకు ఆయన మాటల్ని పాఠ్యపుస్తకంలా మార్చి వినిపిస్తోంది. “శ్రీమతి నాగవేణి గారూ, తమరి ప్రవర్తన మిక్కిలి విచారకరము. తమరి నివాస అనుమతి ఈ ఉద్యోగముపై ఆధారపడి యున్నదని జ్ఞప్తికి తెచ్చుచున్నాను.”

“తెలుసండీ.” ఆమె కుర్చీలో కూర్చుంది. “ఇంకొకరి చెయ్యి పెట్టించుకోండి.”

అది కుదరదని ఆయనకీ తెలుసు. వచ్చిన రోజు ఏ చెయ్యి పడిందో పోయే రోజూ ఆ చెయ్యే పడాలి. మార్చాలంటే ఒక పూట పడుతుంది, గడువు అంతసేపు లేదు. ఆయన అరిచాడు. చెవిపలుకు వినయంగా అనువదించింది. చివరికి గోడ ఖాళీ అయింది.

ఆ తరవాత వచ్చిన పిలుపు తాంపెరే నుంచి. ఎర్రజుట్టు పిల్ల, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. బ్రూక్ హాలండర్.

“నా ప్రయాణం ఆపింది మీరేనా?” అంది ఇంగ్లీషులో.

“నేనే.”

“నాకు లిస్బన్ వెళ్ళాలని ఉంది! రెండేళ్ళుగా ఈ చీకట్లో దానికోసమే ఉన్నాను. అమ్మకి చెప్పేశాను. మీరెవరు ఆపడానికి?”

నాగవేణి ఒక పిల్లని అడిగింది. ఈ పిల్లని ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

లయ తెర ముందుకి వచ్చింది. “నావల్లే. నేను వెళ్ళనన్నాను.” ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కొలంబస్‌లో ఒకసారి ఎదురెదురుగా ఆడిన మొహాలు. “సారీ బ్రూక్,” అని, నాగవేణి వైపు తిరిగి తెలుగులో అంది లయ, “పెట్టేయండక్కా చెయ్యి. నేను పోతాను. ఈమె ఏడుస్తుంటే నేనేటి ఆడతాను?”

“ఆగు,” అంది నాగవేణి. లేచి నిలబడింది. “బ్రూక్, నీకు అక్కడ అధికారి ఎవరు?”

“యూహానీ. ఇక్కడే పక్కనున్నాడు.”

“గొలుసుతో పని లేకుండా నీ ఒక్క బదిలీకి అరచెయ్యి పెట్టమని అడుగు.”

“అలా పెట్టకూడదు. మా జట్టులో ఒకరు తక్కువవుతారు. అతనికి భయం.”

“నాకూ భయమే. అయినా అడుగు. నేను అడగమన్నానని చెప్పు.”

తెర ఆరిపోయింది. గోడ మీద గడియారం నడుస్తోంది. లయ నేల మీద చతికిలబడి, మోకాళ్ళ మీద గడ్డం ఆనించింది. తలుపు దగ్గర అలికిడి. ఆనికా నిలబడి ఉంది, వచ్చి ఎంతసేపయిందో తెలీదు. లోపలికి వచ్చి లయ పక్కన ఆమె కూడా నేల మీదే కూర్చుంది.

ఆరయింది. గోడ మీది కొక్కేలు ఒకటొకటిగా ఎర్రబడ్డాయి. నోర్డ్‌హాఫెన్, లియాన్, నాగవేణి ఎప్పుడూ పేరు వినని ఊళ్ళు. ఎక్కడెక్కడో సర్దుకున్న పెట్టెలు మళ్ళీ విప్పుతారు. అందులో ఎంతమంది తనని తిట్టుకుంటారో ఆమెకి తెలీదు. ఆ ఎరుపు మధ్యలో ఒక్కటి, ఏ గొలుసుకీ అంటుకోకుండా, ఆకుపచ్చగా వెలిగింది. తాంపెరే నుంచి లిస్బన్.

లయ గబుక్కున లేచింది. “పెట్టేడక్కా!”

నిర్ణయిక మాట్లాడింది. గొంతు అదే, మాటల మధ్య ఖాళీలే కొత్త.

“ఒక కదలికకు కారణం దొరకడం లేదు. ఒక నిలుపుదలకు కారణం దొరకడం లేదు. అధికారి కారణం తెలపగలరు.”

“ఆ అమ్మాయికి వెళ్ళాలని ఉంది,” అంది నాగవేణి. “ఈ అమ్మాయికి లేదు.”

“ఆ కారణం నమోదు చేయడానికి చోటు లేదు.”

“తెలుసు.”

“చోటు ఏర్పరచవలెనా?”

రేపు తన ఉద్యోగం ఉంటుందో లేదో, ఆదివారం లయ బెంచీ మీదనైనా కూర్చుంటుందో లేదో నాగవేణికి తెలీదు. “ఏర్పరచు,” అని ఆనికా వైపు చూసింది. ఆనికా చెయ్యి చాచి లయ మెడ ఎముక కింది అంటుబిళ్ళని అంచు పట్టుకుని నెమ్మదిగా పీకేసింది.

“రేపు పొద్దున్న,” అంది లయతో, తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, “నీలాగే ఆడు. నేను చూస్తాను.”