మే నెల కొలత

ఆ ఉదయం కూడా ఆజం నమాజు చదువుకుని వచ్చి, గోడకు ఆనించిన గజం కర్రను పాత గుడ్డతో తుడిచాడు. నలభై ఏళ్లుగా వడ్రంగం చేస్తున్న మనిషి. టేపు సాగుతుంది, కర్ర సాగదు అని ఆయన నమ్మకం. కొడుకు మొహసిన్ గడపలో కూర్చుని చల్లారిపోయిన చాయ్ వంక చూస్తున్నాడు. మూడు రోజుల కిందట వచ్చిన నోటీసు అతని జేబులో మడతల దగ్గర చిరుగుతోంది.

పెనుబల్లి అవతల, అడవి అంచున, వాగు పక్కన వాళ్లకు అర ఎకరం ఉంది. సెలవులకు వచ్చే పట్నం వాళ్ల కోసం తండ్రీకొడుకులు అక్కడ స్తంభాల మీద నాలుగు చెక్క గదులు కట్టారు. రెడీమేడ్ సామాన్ల దెబ్బకు కొట్టు మూతపడ్డాక మొహసిన్ రెండేళ్లు ఇల్లు కదల్లేదు. ఆ గదుల కోసమే మళ్లీ ఉలి పట్టాడు.

వాగుకు ముప్పై మీటర్ల లోపు బస గదులు ఉండకూడదని నిబంధన. దరఖాస్తులో రాయాల్సిన దూరాన్ని ఆజం తన కర్రతోనే కొలిచాడు. నీటి అంచు నుంచి ముప్పై అయిదు గజాలు, అంటే ముప్పై రెండు మీటర్లు. అది మే నెల. అనుమతి వస్తుందన్న ధీమాతో, రాకముందే పని మొదలుపెట్టారు. ఎండాకాలపు నీటి నుంచి కాదు, వరద చేరే హద్దు నుంచి కొలవాలని ఇప్పుడు నోటీసు చెబుతోంది. పదిహేను రోజుల్లో నాలుగు గదులూ తీసేయాలి.

"లెవ్వు బేటా, ఆఫీసుకు పోదాం. ఆ సారు ముందట మళ్లీ కొలుస్త," అన్నాడు ఆజం. "నా కర్ర తప్పు చెప్పదు."

"కర్ర పట్టుకొని పోతే కొట్టనీకి వచ్చిండనుకుంటరు మామా," అంది కోడలు ఆరిఫా వంటింట్లోంచి. ఎవరూ నవ్వలేదు.

మొహసిన్ లేవలేదు. ఆగస్టు నుంచి ఒక మాట లోపల మోస్తున్నాడు. ఆగస్టులో వరద వచ్చిన పొద్దున అతను అక్కడికి వెళ్లేసరికి వాగు అప్పుడే వెనక్కి తగ్గుతోంది. మొదటి గది స్తంభాల మీద మోకాలెత్తున బురద గీత. తడి గోనెసంచితో నాలుగు స్తంభాలూ తుడిచేశాడు. ఎందుకని ఆలోచించలేదు. తర్వాత ప్రతి రోజూ అదే ఆలోచించాడు.

"కర్రది తప్పు కాదు అబ్బా. ఆగస్టుల నీళ్లు మొదటి గది కిందికి వచ్చినయి. నేనే గీత తుడిచిన. నువ్వు చూస్తే తట్టుకోలేవనుకున్న," అన్నాడు తండ్రితో.

ఆజం అరుస్తాడని ఆరిఫా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన అరవలేదు. చెప్పులు వేసుకుని, బండి తియ్యమని కొడుక్కి సైగ చేశాడు.

వాగు దగ్గర ఎవరూ లేరు. ఆజం మొదటి గది కిందికి వంగి, వాగు వైపున్న స్తంభం వెనక్కి కొడుకు చెయ్యి లాగి ఆనించాడు. మోకాలెత్తున సన్నని ఉలి గాటు వేలికి తగిలింది.

"ఆ పొద్దున నీకంటే ముందే వచ్చిన. నీళ్లు గీడ నిలబడ్డయి," అన్నాడు. "గుర్తు పెట్టకుండ ఉండలేకపోయిన. నీకు కనబడొద్దని వెనక పెట్టిన."

"తెలిసి ఎందుకు చెప్పలే?"

ఆజం ఆ గాటు వంకే చూశాడు. "చెప్తే మళ్లీ ఉలి కింద పెడ్తవని."

మొహసిన్ ఆ గాటు మీద నుంచి వేలు తీయలేకపోయాడు. తెలిసి కూడా ఇద్దరూ మూడు నెలలు పక్కపక్కన కూర్చుని మిగతా గదుల పలకలను చిత్రిక పట్టి నునుపు చేశారు. ఆ రోజుల్లో తండ్రి ఎంత తక్కువ మాట్లాడేవాడో ఇప్పుడు గుర్తొచ్చింది. అది అలసట అనుకున్నాడు. స్తంభానికి తల ఆనించి ఏడ్చాడు. ఆజం ఓదార్చలేదు. పక్కనే చతికిలబడి, కొడుకు మోకాలి మీద చెయ్యి వేసి ఉంచాడు.

కాసేపటికి ఆయన లేచి, జేబులోంచి సుద్దముక్క తీసి, విప్పాక మళ్లీ అదే వరసలో కూర్చేందుకు గోడ పలకల మీద అంకెలు వేయడం మొదలుపెట్టాడు.

"మళ్లీ ఎక్కడ నిలబెడ్తం అబ్బా?" అడిగాడు మొహసిన్. ఆ అర ఎకరమంతా వరద హద్దుకు ముప్పై మీటర్ల లోపే, వాళ్లకు వేరే జాగా లేదు.

"తెల్వదు," అన్నాడు ఆజం. "ఆ కొస పట్టు."

మేకు కొట్టకుండా ఒకదానిలో ఒకటి దూర్చి కట్టిన గది అది. మొదటి పలక చప్పుడు లేకుండా ఊడి వాళ్ల చేతుల్లోకి వచ్చింది.