పాత కారు పాతకం

2079లో విశాఖపట్నంలో ఏ కారూ పాతబడేది కాదు. పాతబడే లోపే చంపేసేవారు. పాతని తగలెయ్యడం మనకి భోగినాటి ఒక్కపూట పని. సర్కారు దాన్ని ఏడాది పొడుగునా పెట్టి, 'భోగిరథం' పథకమంది. కదలని కారు తెస్తే కొత్త కారుకి సగం ధర సర్కారుదే. కారుకీ సర్కారుకీ చుట్టరికం పేరులోనే ఉంది మరి! జనం నిక్షేపంలాంటి బళ్లను గునపాలతో పొడిచి, ఈడ్చుకొచ్చి, నుజ్జు చేసే యంత్రానికి అప్పగించేవారు.

ఈ దుబారాకి విరుగుడుగా డాక్టర్ కాదంబరి 'మానులోహం' కనిపెట్టింది. సెల్ఫ్ హీలింగ్ అల్లాయ్ అన్నమాట. దెబ్బ తగిలితే ఒంటిమీద గాయంలా తెల్లారేసరికి మానిపోతుంది. ఎందుకు తగిలిందో నేర్చుకుంటుంది కూడా. ఆ లోహంతో చేసిన మొదటి కారుని గాజువాక పైడిరాజుకి ఇచ్చింది. అది పదికాలాలు నడిచి చూపిస్తే పథకం ఎత్తేయించవచ్చని ఆమె ఆశ.

ఓ ఉదయం పైడిరాజు బొబ్బలెక్కిన చేతులతో, అదే కారులో, ప్రయోగశాలకి ఊడిపడ్డాడు.

"ఏటి మేడమ్ ఇది! ఛస్తే చావదు! ఇంజన్లో ఇసక పోసీసినాను, తెల్లారికి కక్కీసింది. గునపం దింపితే గునపమే వంగిపోనాది!"

"నడుస్తున్న బండిని ఎందుకండీ చంపడం?"

"నడుస్తంది కాబట్టే! మా వీధిలో అందరికీ కొత్తవి వచ్చీసినాయి. మా ఆడది 'కారుండీ బేకారువే' అంటంది. మీ ఉపకారం నాకు అపకారమైపోనాది."

"పైడిరాజు గారూ, నా దగ్గరున్న రుజువు ఇదొక్కటే. ఇది పోతే నా మాట వినేవాడుండడు."

"మీకు రుజువు పోతాది. నాకు కొత్త కారు పోతాది!"

కిటికీ అవతల నుంచి కారు పలికింది. "అయ్యగారూ, నా తప్పేమిటి?"

"బాగుండడమే నీ తప్పు!"

కారు ఆ పాఠం నేర్చుకుంది. తర్వాత ఒక చక్రం ఊడి దొర్లింది. తలుపులు జారాయి. అద్దాలు రాలాయి. పైడిరాజు ఎగిరి గంతేశాడు. కాదంబరి వెళ్లి ఆ రేకుమీద చెయ్యి వేసింది. అది మానలేదు.

ఆ కారు పథకానికి చేరాక, అంత మంచి లోహం పారెయ్యడం దుబారా అనుకుంది సర్కారు. దుబారా అంటే సర్కారుకి ఎంత భయమో! దాన్ని కరిగించి ఆ ఏటి కొత్త కార్లన్నిటిలో తలా కాస్త కలిపింది. నేర్చిన బుద్ధి కరగదని కాదంబరి ఎంత మొత్తుకున్నా వినలేదు.

పైడిరాజు కొత్త కారుకి పసుపు రాసి, గుమ్మడికాయ దిష్టి తీసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. గొప్ప చూపించుకోవాలని కాదంబరినీ పిలిచాడు. నిమ్మకాయలు చితికాయి. కారు ఆగింది.

"ఏటయ్యిందే?"

"చచ్చిపోతున్నానయ్యగారూ. మీకదే కదా ఇష్టం."

ముందు తలుపు జారింది. తర్వాత అద్దాలు. వీధి పొడుగునా కొత్త కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి కూలబడ్డాయి.  ఇప్పుడైనా వీళ్లకి తెలిసొస్తుందని కాదంబరి చుట్టూ చూసింది.

అప్పటికే ఎదురింటివాళ్లు తాళ్లు తెస్తున్నారు. పైడిరాజు పంచె ఎగ్గట్టి కారు వెనక్కి పరిగెత్తాడు.

"చూస్తారేటి మేడమ్, ఓ చెయ్యి వెయ్యండి! పథకం ఆఫీసు కాడ లైను పెరిగిపోతంది!"