డ్రైవరు గడిలో పేరు

బంగారుపాళ్యం హైవే మీద తెల్లకారొకటి మామిడిగుజ్జు ఫ్యాక్టరీ వాచ్‌మన్ సుందరరాజును గుద్ది చంపింది. స్టీరింగు ముందు ఎవరూ లేరు. ఎఫ్‌ఐఆర్‌లో డ్రైవరు గడి ఖాళీ.

తప్పు సాఫ్ట్‌వేర్‌దంది కంపెనీ. తప్పు పోయినాయనదంది సాఫ్ట్‌వేర్.

"ఇది హత్య," అన్నాడు సీక్రెట్ సర్వీస్ చీఫ్ రఘునాథ్. "ఫ్యాక్టరీ వెనక ముఠా చేసిన కారు ట్రయల్ రన్‌ను వాచ్‌మన్ చూసినాడని చంపేసినారు. డ్రైవరు లేడు, కాబట్టి హంతకుడూ లేడు. అదీ ఆ కార్ల కంపెనీ ముసుగులో ముఠా నడిపే హెల్మర్ వ్యాపారం. రేపటి టార్గెట్ శ్రీహరికోట శాస్త్రవేత్త సుబ్రమణ్యం. తిరుచానూరులో ఆయనకు కారు బహుమతి ఇస్తారంట. నువ్వు వద్దులే కోమలీ. పోయింది మీ నాయన."

"అందుకే నేను పోవల్ల సార్. ఆ గడిలో పేరు రాయల్ల."

మర్నాడు అమ్మవారి గుడి దగ్గర కోమలి పూలమ్మే మనిషి వేషంలో ఉంది. బహుమతి కారుకు చుట్టిన మల్లెదండలో మైక్రోఫోన్. హెల్మర్ సెక్రటరీ లోహిత పట్టుచీరలో, నల్లకళ్లద్దాలతో వచ్చింది.

"చామంతులు లేవా?"

"సాయంత్రానికొస్తాయక్కా."

కోడ్ కలిసింది. ముఠాలో ఉంటూ మన పని చేసే డబుల్ ఏజెంట్ లోహిత భక్తిగా కారుకు పసుపు పట్టించింది, కాస్త ఎక్కువగానే.

పూజారి ఏకాంబరం చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. "సంకల్పం ఎవరి పేరున సార్?"

మూడేళ్లు చిత్తూరులో మకాం పెట్టి తెలుగు నేర్చిన హెల్మర్, "కారు పేరున," అన్నాడు.

"బండికి గోత్రం యాడుంటాది? నడిపేవాళ్ల పేరు సెప్పండి."

"ఎవరూ నడపరు."

"అట్లయితే పూజ లేదు." పూజారి పళ్లెం ఎత్తేశాడు.

దిష్టి గుమ్మడికాయతో కారు ముందుకు రాబోయిన సుబ్రమణ్యం ఆగిపోయాడు. పూజ కాని బండి ముందు ఆయన నిలబడడు. వేట చేజారుతోందని హెల్మర్‌కు కంగారు. ఫోన్ పట్టిన చెయ్యి ఎత్తాడు.

"హెల్మర్ అని చదువు! బంగారుపాళ్యంలో నడిపింది ఈ వేలే, ఇక్కడ నడిపేదీ ఈ వేలే!"

మల్లెదండ వినింది.

మంత్రం అయింది. సుబ్రమణ్యం గుమ్మడికాయ తిప్పుతున్నాడు. హెల్మర్ వేలు ఫోన్ మీద పడింది. కారు దూకింది. నిమ్మకాయలు చితికాయి. శాస్త్రవేత్త మోకాళ్లకు జానెడు దూరంలో ఆగిపోయింది.

హెల్మర్ మళ్లీ నొక్కాడు.

"నొక్కప్పా, బాగా నొక్కు," కోమలి అతని మణికట్టు పట్టుకుంది. "కెమెరాల మీద పసుపుండాది. కండ్లు కనబడకపోతే ఆగిపోవల్లని మీ మాన్యువల్లోనే రాసినారు."

"నేను కాదు! సాఫ్ట్‌వేర్!"

"దానికి మణికట్లు లేవే! మా నాయన పేరు సుందరరాజు. గుర్తు పెట్టుకో." బేడీలు బిగించింది. బేడీ పళ్లలో ఇంకొక్కటి టక్కుమనేదాకా బిగించింది.

సాయంత్రం స్టేషన్లో గడి నిండింది. సాక్షి సంతకం చేస్తూ ఏకాంబరం కళ్లజోడు సవరించుకున్నాడు.

"గోత్రం రాయలేదేం తల్లీ?"

"ఆ గడి లేదు సామీ. పెట్టమని పైకి రాస్తాను."