శుద్ధమైన నీళ్లలో దెయ్యం

మా వదిన పనిచేసే ల్యాబులో, మూడో అంతస్తు చివర్న ఒక గది ఉంది. పగలు చూస్తే బంగారంలాంటి గది. చీకటి పడితే మాత్రం... అబ్బే, వద్దులెండి. సరే, ఎలాగూ వదలరు కాబట్టి చెప్తా.

ఆ గదిలో ఒక మిషను ఉంది. నీళ్లలో ఇట్టే ఆవిరైపోయే రసాయనాలు ఏమైనా కలిశాయేమో వాసన పట్టి చెప్తుంది. ముందుగా దానికే పరీక్ష పెట్టాలి — ఏమీ లేని నీళ్లిస్తే ఏమీ లేదనాలి, తెలిసిన మోతాదులిస్తే అంతే చెప్పాలి. దాన్ని కాలిబ్రేషన్ అంటారట. పగలు బుద్ధిగా చెప్పేది. రాత్రిళ్లు మాత్రం... శుద్ధమైన నీళ్లు పోసినా, తెరమీద గీత సాఫీగా సాగి సాగి, చిట్టచివర్న ఏదో కలిసిందన్నట్టు ఒక మొన లేచేది!

రిపేరు వాళ్లొచ్చారు, పగలు చూశారు, బ్రహ్మాండంగా ఉందన్నారు, వెళ్లారు. ఇద్దరు కెమిస్టులు రాత్రి డ్యూటీకి ఓ దణ్ణం పెట్టేశారు. తర్వాత మా వదిన వంతు. కొత్త ఉద్యోగం. "పొద్దున్నకల్లా ఇది కుదరకపోతే నిన్ను పర్మినెంట్ చెయ్యడం నా వల్ల కాదమ్మా," అని పెద్దసారు తేల్చేశారు.

ఆ రాత్రి నాకు ఫోను. గుసగుసగా —

"ఏమే... లేచింది."

"ఏం లేచింది?"

"అదే... మొన."

"వదినా, నా గుండె జారిపోతోంది, కాస్త గట్టిగా మాట్లాడు!"

"గట్టిగా మాట్లాడితే... వింటుందేమోనే!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

ఫోను పెట్టేసి, పాత రసాయనమేదైనా లోపల మిగిలిందేమోనని వదిన గొట్టాలు కడిగింది. సీసాలు మార్చింది. మూతలు మార్చింది. నీళ్లే మార్చింది. మిషను గుడగుడమంది... ఉస్సురంది... చిట్టచివర్న మళ్లీ అదే మొన. ఈసారి ఇంకాస్త పొడుగ్గా!

గదిలో ఒకటే చలి. మిషను చల్లగా ఉండాలట, మనుషులు ఏమైపోయినా ఫర్వాలేదు. రాత్రయితే మరీ కొరికేస్తుంది, ఉన్నిబట్ట లేకుండా ఎవరూ అడుగుపెట్టరు. డ్యూటీకి బయల్దేరుతుంటే మా అమ్మ పెట్టె అడుగునుంచి తీసిచ్చిన ఉన్ని శాలువాని వదిన తలమీదుగా లాక్కుంది. భయం పెరిగినకొద్దీ ముసుగు బిగించింది. ఆ అవతారంలో సీసాల మీదకి వంగి నీళ్లు నింపుతుంటే, ఎవరైనా తొంగిచూస్తే వాళ్ల పని అక్కడే అయిపోయేది.

ఇంతలో వెనక ఏసీ టక్కుమంది. వదిన ఎగిరిపడింది. చేతిలో నీళ్లన్నీ శాలువా మీద! తిట్టుకుంటూ దాన్ని వరండాలో ఆరేసి వచ్చి, పళ్లు టకటకలాడుతుంటే మళ్లీ సీసా నింపింది.

మిషను గుడగుడమంది... ఉస్సురంది...

మొన లేదు.

కళ్లు నులుముకుని చూసింది. లేదు! గీత చాపలా పరుచుకుని ఉంది.

"అమ్మో... ఎటు పోయింది?" అని మెల్లగా వెనక్కి తిరిగింది. గదిలో తను తప్ప ఎవరూ లేరు. అప్పుడు తట్టింది. వరండాలోకి పరిగెత్తి, తడి శాలువాలో ముక్కు పెట్టింది — గుప్పుమంది!

కలరా ఉండలు. శాలువాకి పురుగు పట్టకూడదని మా అమ్మ ఏళ్ల తరబడి పెట్టెనిండా పోసిన కలరా ఉండలు! మిషను పట్టుకున్నది ఆ వాసననే. వంగిన ప్రతిసారీ వదినే తన చేతులారా దెయ్యాన్ని సీసాలోకి దించింది.

నమ్మకం కుదరక శాలువా కప్పుకుని ఇంకో సీసా నింపింది. మొన! తీసేసి నింపింది. లేదు! కప్పుకుంది, తీసింది, పకపకా నవ్వింది. ఆ నవ్వు విని కింద వాచ్‌మన్ గేటు దాటి వీధి చివరిదాకా పరుగెత్తాడట. ఆ తర్వాత వణుక్కుంటూనే మోతాదులన్నీ నడిపింది. అన్నీ గీటు గీసినట్టు కుదిరాయి.

తెల్లారాక పెద్దసారు వచ్చారు. ఆ గదిలో చలి కదా అని, దట్టమైన స్వెటర్ తొడుక్కుని వచ్చారు. వదిన తలుపుకి అడ్డంగా నిలబడింది.

"సార్, ఆగండి. ఆ స్వెటర్ ఎక్కడ దాస్తారు?"

"బీరువాలోనమ్మా. మా ఆవిడ ఉండలు వేసి..."

అంటూనే స్వెటర్ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆయన మొహంలో రంగులు మారాయి. మెల్లగా, గోడకి చెప్తున్నట్టు అన్నారు — "రాత్రి డ్యూటీ చేసే రోజుల్లో, ఈ స్వెటర్ వేసుకునే, నేనూ ఈ గదిలోంచి పారిపోయానమ్మా... చెప్పులు కూడా వదిలేసి."

వదిన ఉద్యోగం సంగతా? ఖాయమైంది. పెద్దసారు స్వెటర్ విప్పి కిటికీలోంచి బయటికి విసిరేసి, గజగజ వణుకుతూ సంతకం పెట్టారు.